ఆకు బయటికెళ్లే ట్రాక్టరు, ఎరువు లోపలికొచ్చే ట్రాక్టరు

ఈసారి పేజీ మొత్తం ల్యాండ్‌స్కేపింగ్ పనులు చేసేవాళ్ల ప్రశ్నలకే ఇచ్చేస్తున్నాం. ఇళ్ల ముందు లాన్ వేసేవాళ్లు, గేటెడ్ కమ్యూనిటీల్లో తోటల నిర్వహణ చూసేవాళ్లు, చిన్న నర్సరీలవాళ్లు చాలామందే రాశారు. అడిగిన తీరు వేరు గానీ అందరి తలనొప్పీ ఒకటే, పని అయ్యాక మిగిలిన సరుకుని ఏం చేయాలన్నది. పేర్లు వేయొద్దన్నవాళ్లు ఎక్కువ కాబట్టి ఊళ్ల పేర్లతో సరిపెడుతున్నాం.

ప్రశ్న: కొంపల్లి దగ్గర మూడు గేటెడ్ కమ్యూనిటీల్లో తోటల ఏఎంసీ (ఏడాది నిర్వహణ కాంట్రాక్టు) చేస్తున్నాను. లాన్ కోసినా, హెడ్జ్ కత్తిరించినా, మట్టలు దింపినా ట్రాక్టరు నిండిపోతుంది. ట్రిప్పు రేటు పెంచుకుంటూ పోతున్నారు, ఎక్కడ పోస్తున్నారో కూడా నాకు తెలీదు. మా కుర్రాళ్లు వెనక గోడ దగ్గర తగలబెడితే కమిటీవాళ్లు గొడవ చేశారు. పోనీ కంపోస్టు చేద్దామంటే వాసనొస్తుంది, పాములొస్తాయి అంటున్నారు. ఎటూ తోచట్లేదు.
(కొంపల్లి, హైదరాబాద్)

జవాబు: తగలబెట్టడం గురించి ముందే తేల్చేద్దాం. బహిరంగంగా చెత్త కాలిస్తే 5,000 రూపాయలు, పెద్ద మొత్తంలో అయితే 25,000 జరిమానా వేయాలని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2016 డిసెంబరులోనే చెప్పింది. అదే ఏడాది వచ్చిన ఘన వ్యర్థాల నిబంధనలు కూడా తోట చెత్తను ఎవరి ఆవరణలో వాళ్లు విడిగా పెట్టుకోవాలన్నాయి, పెద్ద గేటెడ్ కమ్యూనిటీలు కుళ్లే చెత్తను వీలైనంతవరకు లోపలే ఎరువుగా మార్చుకోవాలన్నాయి. అంటే మీరు కంపోస్టు చేసిపెడతానంటే కమిటీ మీద ఉన్న బరువు మీరు మోస్తున్నట్టు. మాట అక్కడి నుంచి మొదలుపెట్టండి, “కొంచెం జాగా ఇవ్వండి సార్” అని బతిమాలుతూ కాదు. ట్రాక్టరు ఎక్కడ పోస్తుందో తెలీదన్నారే, నాకు అది అన్నిటికంటే నచ్చలేదు. ఊరి బయట ఖాళీ ప్లాటులోనో చెరువు గట్టునో పోసి అంటిస్తే ఆ పొగ మీదే.

ఇప్పుడు మీ ఖర్చుల పుస్తకం తీయండి. పోయిన ఏడాది అదే కమ్యూనిటీ నుంచి ఎన్ని ట్రాక్టర్ల ఆకు బయటికి పంపారు, అదే కమ్యూనిటీకి ఎన్ని ట్రాక్టర్ల పశువుల ఎరువు, ఎన్ని బస్తాల వర్మీకంపోస్టు తెప్పించారు, రెండూ పక్కపక్కన రాసుకోండి. పంపడానికీ డబ్బిచ్చారు, తెప్పించడానికీ డబ్బిచ్చారు. ఈ వ్యాపారంలో లాభం ఎక్కువగా కారిపోయేది అక్కడే, కూలి రేట్ల దగ్గర కాదు.

లాన్ గడ్డిని అసలు ఎత్తకండి. మిషన్ వెనక తగిలించే సంచి తీసేసి కోయండి. ఒక్కటే షరతు, ఒక కోతలో గడ్డి ఎత్తులో మూడో వంతుకు మించి తీయకూడదు. అలా కోస్తే ముక్కలు చిన్నగా ఉండి గడ్డి మొదళ్లలోకి జారిపోతాయి, అందులోని నత్రజని లాన్‌కే తిరిగి దక్కుతుంది, ఆ మేరకు యూరియా తగ్గించుకోవచ్చు. పట్టించుకోకుండా వదిలేసి ఒకేసారి గుండు కొడితే మాత్రం ముద్దలుముద్దలుగా పడి కింద గడ్డి పసుపెక్కుతుంది, వానాకాలంలో తడి గడ్డి మీద మిషన్ తోసినా ఇదే గతి. మొదట్లో విల్లా ఓనర్లు “ఊడ్వలేదేంటి” అంటారు. రెండ్రోజులు ఓపిక పట్టమనండి, ముక్కలు ఎండి కిందికి దిగిపోతాయి.

హెడ్జ్ కత్తిరింపులు మొత్తం చెత్త కాదు. గోల్డెన్ డ్యురాంటా, అకాలిఫా, ఆల్టర్నాంథెరా ఇవన్నీ కొమ్మ గుచ్చితే బతికే రకాలు. జూలై, ఆగస్టు కత్తిరింపుల్లో జానెడు ముక్కలు ఏరి పాత కవర్లలో గుచ్చి నీడలో పెట్టుకుంటే చలికాలానికి ఖాళీలు పూడ్చుకోవడానికి మీ మొక్కలు మీ దగ్గరే ఉంటాయి. చచ్చిన హెడ్జ్ మొక్కకు బదులు వేయడం ఎలాగూ మీ కాంట్రాక్టులోదేగా, కొనడం తప్పుతుంది.

మిగతా కొమ్మలకు ష్రెడ్డర్, అంటే కొమ్మల్ని పొట్టు చేసే మిషన్, ఉంటే పని సగం అయిపోతుంది. మీ ఒక్కరికే కొనడం దండగ అనిపిస్తే ఆ చుట్టుపక్కల పనిచేసే ఇంకో ఇద్దరు ముగ్గురితో కలిసి కొనండి, ట్రాలీ మీద తిప్పుకోవచ్చు. కొనేముందు మీ సొంత చెత్త పట్టుకెళ్లి ఆడించి చూడండి. పామ్ మట్టల నార బ్లేడు చుట్టూ తాడులా చుట్టుకుని మిషన్ ఆగిపోవడం మామూలే, డెమోలో వాళ్లు ఎప్పుడూ మెత్తటి కొమ్మలే పెట్టి చూపిస్తారు. కుర్రాళ్లకు కూడా గట్టిగా చెప్పండి, ఇరుక్కున్న కొమ్మను చేత్తో నెట్టకూడదు, కరెంటు తీసేశాకే చెయ్యి పెట్టాలి. వచ్చిన చెక్క పొట్టును చెట్ల పాదుల్లో రెండు మూడు అంగుళాల మందాన పరవండి, కాండానికి తగలకుండా చుట్టూ కొంచెం ఖాళీ వదలండి. మన దగ్గర చెదల భయం ఉంది కాబట్టి ఇంటి గోడకు, తలుపు చట్రాలకు ఆనుకుని మాత్రం వేయొద్దు, అడుగైనా ఎడం ఉండాలి. పొట్టు వేస్తే నత్రజని లాగేస్తుందని ఎవరైనా భయపెడితే, అది మట్టిలో కలిపి దున్నేసినప్పటి మాట, పైన పరిస్తే మొక్కకు వచ్చే నష్టం లేదు.

ఇక కుప్ప. వాసన రావడానికి కారణం ఒకటే, పచ్చగడ్డి ఒక్కటే గుట్టగా పోసి వదిలేయడం. గాలాడక లోపల కుళ్లిపోతుంది. ఒక పాలు పచ్చిదానికి రెండు పాళ్లు ఎండాకు అని లెక్క పెట్టుకోండి, కానుగ, బాదం, రావి ఏదైనా పనికొస్తుంది. పొడవు వెడల్పు ఎత్తు మూడేసి అడుగులకు తగ్గితే వేడెక్కదు. సరిగ్గా పేర్చిన కుప్పలో నాలుగైదు రోజులకు మధ్యలో చెయ్యి పెడితే తియ్యాల్సొచ్చేంత వేడి వస్తుంది, 55 డిగ్రీలు దాటి కొన్నాళ్లు నిలబడితే కలుపు విత్తనాలు చాలావరకు చస్తాయి. తేమ చూడ్డానికి గుప్పెడు తీసి గట్టిగా పిండండి, వేళ్ల సందుల్లో ఒకటి రెండు చుక్కలు రావాలి, ధార కడితే ఎండాకు కలపండి, పొడిగా రాలితే నీళ్లు కొట్టండి. వారం పది రోజులకోసారి తిరగేస్తే మన ఎండలకి రెండు మూడు నెలల్లో ఎరువు చేతికొస్తుంది. అయ్యిందో లేదో అనుమానంగా ఉంటే అందులో పెసలు వేసి చూడండి, బాగా మొలిస్తే వాడుకోవచ్చు.

కుప్పలో వేయకూడనివి కొన్ని ఉన్నాయి. పూతకొచ్చిన వయ్యారిభామ, పిండినల్లి పట్టిన మందార కొమ్మలు, వేరుకుళ్లు వచ్చిన మొక్కలు వద్దు. తుంగ గడ్డలైతే గచ్చు మీద పరిచి మే ఎండకి కరకరలాడేదాకా వదిలేయాలి, లేకపోతే మీ ఎరువుతో పాటు తుంగను కూడా విల్లా విల్లాకీ పంచినవాళ్లవుతారు. లాన్‌లో కలుపు కోసం 2,4-డి కొట్టి ఉంటే తర్వాత రెండు మూడు కోతల గడ్డిని పూల మొక్కల పాదుల్లో వేయకండి.

పాములంటారా, పాము ఆకు కోసం రాదు, ఎలకల కోసం వస్తుంది. ఎలకలు అన్నం మెతుకుల కోసం వస్తాయి. ఈ కుప్పలో వంటింటి చెత్త పడనీయకుండా చూసి, వారం వారం తిరగేస్తూ ఉంటే ఏదీ కాపురం పెట్టదు.

ప్రశ్న: కడియం నుంచి మొక్కల లోడు తెప్పించుకుని హైవే పక్కన ఇళ్లకు, ఫాంహౌస్‌లకు తోటలు వేస్తుంటాను. ఒక్కో సైటు అయ్యేసరికి నల్ల కవర్లు గుట్టలు మిగులుతాయి. పాత సామాన్ల షాపువాడు మట్టి ఉందని తీసుకోడు. ఏం చేయను?
(సూర్యాపేట)

జవాబు: షాపువాడిది తప్పు కాదు. కవరు బరువు కంటే దానికంటిన మట్టి బరువు ఎక్కువుంటే అతను మట్టికి డబ్బివ్వాలా?

కవర్లను రెండుగా చూడండి. ఐదారు అంగుళాల చిన్న కవర్ల మీద టైం పెట్టకండి, కోసి మొక్క తీసి, అక్కడికక్కడే దులిపి, ఎండలో పడేసి, ఎండాక ఇంకోసారి దులిపి గోనె సంచిలో కుక్కండి. ఎండిన మట్టి దానంతటదే రాలిపోతుంది, కడగాల్సిన పని లేదు. అందులో పాల ప్యాకెట్లు, షేడ్ నెట్ ముక్కలు, ప్లాస్టిక్ తాళ్లు కలపకపోతే ఎక్కువమంది తీసుకుంటారు. చేత్తో నలిపితే పొడిపొడిగా రాలే పాత కవర్లు వేరే ఎత్తండి, ఎండకి చచ్చిన ప్లాస్టిక్ అది, కరిగించడానికి పనికిరాదు, మున్సిపాలిటీ పొడి చెత్తలోకే పోవాలి. మట్టిలో మాత్రం వదలకండి.

పన్నెండు అంగుళాలు, అంతకు పైన ఉన్న మందపాటి బ్యాగుల సంగతి వేరు. వాటిని కత్తితో చీల్చే అలవాటు ముందు మాన్పించండి. ముందు రోజు నీళ్లు పెట్టి, మొక్కను పక్కకు పడుకోబెట్టి, బ్యాగు చుట్టూ అరచేత్తో నొక్కి, అడుగు పట్టుకుని లాగితే మట్టిగడ్డ చెదరకుండా ఊడొస్తుంది. కుర్రాళ్లు మొదట విసుక్కుంటారు, ఓ పాతిక మొక్కలు తీసేసరికి చెయ్యి తిరుగుతుంది. ఈ బ్యాగులూ, గట్టి ప్లాస్టిక్ కుండీలూ సైజులవారీగా ఒకదాన్లో ఒకటి దూర్చి కట్టలు కట్టుకోండి. నర్సరీవాళ్లకు ఇలా ఇస్తే తీసుకునేవాళ్లున్నారు, గుట్టగా పోసి తీసుకెళ్లమంటే ఎవరూ తీసుకోరు. ఈ మాట మొక్కలు ఆర్డరిచ్చేటప్పుడే, బేరం నడుస్తుండగానే అనేయాలి. డబ్బు కట్టేశాక ఫోన్ చేసి కవర్ల గురించి అడిగితే ఎవరు వింటారు?

మీరే తిరిగి వాడుకునేట్టయితే మట్టి పోయేలా కడిగి, తొమ్మిది పాళ్ల నీళ్లకు ఒక పాలు ఇంట్లో వాడే బ్లీచ్ ద్రావణం కలిపి అరగంట నానబెట్టి, మంచి నీళ్లతో జాడించి ఆరబెట్టండి. ఎండుతెగులుతో చచ్చిన మొక్క ఉన్న కవరైతే ఆ శ్రమ కూడా వద్దు.

ఇంకో మాట, మీరలా చేస్తున్నారని కాదు గానీ, సాయంత్రం అయిపోతోందని కవరుతో సహా గుంటలో పెట్టి మట్టి కప్పేసేవాళ్లు ఉన్నారు. వేళ్లు లోపలే గింగిరాలు తిరిగి ఏడాదో రెండేళ్లో అయ్యాక మొక్క ఆగిపోతుంది, అప్పటికి బిల్లు వసూలైపోయి ఉంటుంది.

ప్రశ్న: మాది కోనసీమ. రిసార్టులకు తోటలు చూస్తాను. కొబ్బరి మట్టలు, డొక్కలు, ఆకు, పేడ కలిపి కంపోస్టు కుప్పలు పెట్టాను. తిరగేస్తే బొటనవేలంత లావున తెల్ల పురుగులు, తల ఎర్రగా, సున్నాలా ముడుచుకుని ఉన్నాయి. మంచివేనని ఒకరు, చంపేయమని ఒకరు.
(అమలాపురం దగ్గర)

జవాబు: చంపేయమన్నవాళ్ల మాట వినండి. అన్ని తెల్ల పురుగులూ ఒకటి కాదు, నిజమే, కానీ కొబ్బరి తోటల నడుమ, పేడ కలిసిన కుప్పలో అంత లావువి కనబడితే కొమ్ము పురుగు పిల్లలనే అనుకోవాలి. ఆ పెంకు పురుగు గుడ్లు పెట్టేదే పేడ దిబ్బల్లో, కుళ్లిన కొబ్బరి మొద్దుల్లో. ఎదిగాక ఎగిరి వెళ్లి కొబ్బరి మొవ్వు తొలుస్తుంది, విచ్చుకున్న ఆకు కత్తెరతో కోసినట్టు వి ఆకారంలో కనబడేది అందుకే. రిసార్టు తోటకి ఎరువు తయారుచేస్తూ చుట్టుపక్కల రైతుల చెట్లకు పురుగు పెంచిపెట్టడం బాగుండదు కదా.

అలాగని కుప్ప మానేయక్కర్లేదు. రెండు మూడు వారాలకోసారి అడుగుదాకా తిరగేసి పురుగులు ఏరి కోళ్లకు వేయండి, అవి ఒక్కటి మిగల్చవు. మెటారైజియం అనే శిలీంద్రం పొడి వ్యవసాయ శాఖవాళ్ల దగ్గర, బయో ఎరువుల షాపుల్లో దొరుకుతుంది, ప్యాకెట్ మీద చెప్పిన మోతాదులో నీళ్లలో కలిపి కుప్ప మీద చల్లితే పురుగు పిల్లలకు జబ్బు చేసి చస్తాయి, ఎరువుకేం కాదు. కుప్ప మీద పాత చేపల వల బిగించి కప్పినా పెద్ద పురుగులు దిగలేక చిక్కుకుంటాయి, వల మీ ఊళ్లో నేను చెప్పక్కర్లేదు. పడిపోయిన కొబ్బరి మొద్దులు మాత్రం తోటలో వదలొద్దు.

డొక్కల్ని కంపోస్టులోకి తేకండి, చివకడానికి ఏళ్లు పడుతుంది. చెట్ల వరసల మధ్య కాలవ తీసి, గుంట వైపు పైకి వచ్చేలా బోర్లించకుండా పరిచి మట్టి కప్పండి, వాన నీళ్లు పట్టి ఉంచుతాయి. కొబ్బరి పొట్టు కుండీల్లోకి వాడేటట్టయితే రెండు మూడు సార్లు మంచి నీళ్లలో నానబెట్టి వంపేయాలి. ఆ గోధుమరంగు నీళ్లలో ఉప్పు పోతుంది. కడగని పొట్టులో పెట్టిన నారు ఆకుల అంచులు మాడి కూర్చుంటుంది, తప్పు విత్తనం మీదకి నెట్టేస్తారు.

ప్రశ్న: అపార్టుమెంట్ల ఎస్టీపీ (మురుగునీటిని శుద్ధి చేసే ప్లాంటు) నీళ్లతో తోటలు పెంచుతున్నాం. ఎండాకాలంలో ఇదే దిక్కు. కానీ గులాబీల ఆకుల అంచులు మాడుతున్నాయి, డ్రిప్ రంధ్రాలు జిగురుగా మూసుకుపోతున్నాయి. మానేయమంటారా?
(విజయవాడ)

జవాబు: మానేయొద్దు. వెయ్యి చదరపు అడుగుల లాన్ ఎండాకాలంలో రోజుకి సుమారు 450 లీటర్లు తాగుతుంది, రోజుకి ఐదు మిల్లీమీటర్ల లెక్కన. అంత నీరు బోరులోంచి తోడి గడ్డికి పోయడం కంటే వాడిన నీళ్లు వాడుకోవడమే మంచిది. కాకపోతే నీటిని బట్టి మొక్క ఉండాలి.

ముందు ఆ నీళ్లు ల్యాబుకి పంపండి, భూసార పరీక్ష చేసేచోట నీటికి కూడా చేస్తారు. ఈసీ, ఎస్‌ఏఆర్ అని రెండు అంకెలు అడగండి. ఈసీ అంటే నీళ్లలో ఉప్పు ఎంతుందో చెప్పే అంకె, అది 0.7 (డెసిసీమెన్స్/మీటరు) లోపుంటే దేనికైనా పోయొచ్చు, 3 దాటితే కష్టం, మధ్యలో ఉంటే మొక్కను చూసి పోయాలి. రెండోది సోడియం సంగతి చెబుతుంది. మీవి నల్లమట్టి నేలలు, సోడియం ఎక్కువున్న నీళ్లు పోస్తూ పోతే నేల బిగుసుకుపోయి నీళ్లు ఇంకడం మానేస్తుంది, అప్పుడు జిప్సం వేయాల్సి వస్తుంది. ఇంట్లో ఆర్వో మిషన్ వదిలే నీళ్లు కూడా ఇదే ట్యాంకులో కలుపుతుంటే ఉప్పు ఇంకా పెరుగుతుంది, ఆ సంగతి చూసుకోండి.

గులాబీ ఉప్పు ఓర్చుకోదు. గన్నేరు, బోగన్‌విలియా, ఖర్జూరం ఓర్చుకుంటాయి. ఎస్టీపీ లైను వెళ్లే చోట ఇలాంటివి, గులాబీలు మంచినీటి కుళాయి దగ్గర, ఇలా తోటను పంచుకుంటే సగం గొడవ పోతుంది. స్ప్రింక్లర్‌తో ఆకుల మీద పడితే మాడటం ఇంకా ఎక్కువ, అదీగాక ఆ తుంపర్లు మనుషుల మీద పడకూడదు. పాదులోకే పెట్టండి. వాన బాగా పడ్డప్పుడు పేరుకున్న ఉప్పు కిందికి కడుక్కుపోతుంది కాబట్టి మడుల్లో నీరు నిలవకుండా బయటికి దారి ఉంచండి.

డ్రిప్‌లో జిగురు బ్యాక్టీరియా వల్ల. డిస్క్ ఫిల్టర్ పెట్టి దాన్ని రోజూ విప్పి కడిగించండి, వారానికోసారి లేటరల్ పైపుల (మొక్కల వరసల వెంట వెళ్లే సన్న పైపుల) చివరి మూతలు విప్పి నీళ్లు వదిలితే నల్లగా వచ్చేస్తుంది, తేటగా వచ్చేదాకా వదలండి. సున్నం పేరుకుని తెల్లగా కడితే అది వేరే, దానికి యాసిడ్ ట్రీట్‌మెంట్ కావాలి, డ్రిప్ కంపెనీ మనిషిని పిలిపించండి, బ్లీచింగూ యాసిడూ మీవాళ్లు ఒకేసారి కలిపారంటే వచ్చే గ్యాసు ప్రాణాల మీదకి తెస్తుంది. ఆ కుళాయిల మీద “తాగరాదు” అని పెద్దక్షరాలతో రాయించడం, కొత్తిమీర, పుదీనా మడుల వైపు ఆ లైను వెళ్లకుండా చూడటం కూడా మీ పనే.

ప్రశ్న: క్లయింటు ఆర్టిఫీషియల్ గడ్డి వేయమంటున్నారు. నీళ్లు ఆదా, పర్యావరణానికి మంచిదంటున్నారు. నిజమేనా?
(కరీంనగర్)

జవాబు: నీళ్లు ఆదా నిజం. రెండోది కాదు. పైన ఒక ప్లాస్టిక్, వెనక ఇంకో ప్లాస్టిక్, మధ్యలో జిగురు, పాడయ్యాక వీటిని విడదీసి కరిగించేవాళ్లు మీ ఊళ్లో దొరకరు. మే నెల మధ్యాహ్నం దాని మీద చెప్పుల్లేకుండా నిలబడి చూపించమనండి, మీ కరీంనగర్ ఎండలో. నీళ్లే సమస్య అయితే లాన్ సగం తగ్గించి మిగతా చోట కంకర దారి, ఒక వేప చెట్టు, కింద నీడకు తట్టుకునే మొక్కలు వేయొచ్చని డ్రాయింగ్ గీసి చూపండి. అయినా కావాలంటే బాల్కనీకి వేసివ్వండి, గొడవెందుకు.

ప్రశ్న: పాత ఇల్లు కూల్చిన స్థలంలో తోట వేస్తున్నాను. కూల్చగా వచ్చిన రాళ్లు, ఇటుకలు, సిమెంటు పెళ్లలు వాడేద్దామనుకున్నాను, ఖర్చు తగ్గుతుందని. పోయినసారి ఇలాగే చేస్తే ఒక వరస నూరువరహాలు మొత్తం పసుపెక్కాయి. సంబంధం ఉందా?
(హనుమకొండ)

జవాబు: ఉంది. ఆకు పసుపు, ఈనెలు మాత్రం పచ్చగా ఉంటే ఇనుము అందట్లేదని అర్థం. నేలలో ఇనుము లేక కాదు, సిమెంటులోని సున్నం వల్ల మట్టి క్షారం పెరిగి వేళ్లు తీసుకోలేకపోతాయి. నూరువరహాలు ఈ విషయంలో మహా సుకుమారం, మన నేలల్లో మామూలుగానే నలిగిపోతుంది, పక్కన పెళ్లలు పూడిస్తే ఇక చెప్పేదేముంది. ఫెర్రస్ సల్ఫేట్ పిచికారీ చేస్తే ఆకు పచ్చబడుతుంది గానీ కింద పెళ్లలు ఉన్నన్నాళ్లూ మళ్లీ వస్తుంది. తవ్వి తీయించండి.

వాడొద్దని కాదు, ఎక్కడ వాడాలన్నదే. పాత ఇళ్లలో వచ్చే షాబాద్, తాండూరు, కడప బండలు బంగారం లాంటివి, అరిగి నున్నబడ్డ పాత బండ అందం కొత్తదానికి రాదు. సుత్తితో విరగ్గొట్టకుండా గునపంతో లేపించండి, విరిగినవి గడ్డిలో అడుగుల దారికి పనికొస్తాయి. మంచి ఇటుకలు మడుల అంచులకు. సిమెంటు పెళ్లలు నడక దారి కింద, పార్కింగ్ కింద అడుగు పొరగా దిమ్మిస కొట్టించండి, మొక్క వేరు వెళ్లే చోట వద్దు. హైదరాబాద్‌లో అయితే జీడిమెట్ల, ఫతుల్లాగూడల్లో కూల్చివేత వ్యర్థాలను పిండి చేసి ఇసుక, కంకర, టైళ్లుగా మార్చే ప్లాంట్లు ఉన్నాయి, అక్కడివాళ్లు చెరువు గట్టున పోయడానికి సాకు లేదు.

ఎర్రమట్టి గురించి కూడా, అడక్కపోయినా చెబుతాను. మీ స్థలంలో పునాదులు తీసేముందు పైన ఉన్న అడుగు మట్టిని విడిగా కుప్ప పోయించి ఉంచుకోండి. బిల్డరుతో ఆ ఒక్క మాట ముందుగా అనకపోతే ఆ మట్టి లారీల్లో వెళ్లిపోతుంది, మీరేమో ఏదో గుట్ట తవ్విన మొరం “ఎర్రమట్టి” పేరుతో కొనుక్కుంటారు. ఎండాకాలం చివర్లో చెరువుల పూడిక తీస్తుంటే ఆ మట్టి కూడా మంచిదే, కానీ నాలుగో వంతుకు మించి కలపకండి, బంకమట్టి ఎక్కువైతే వానకి బురద, ఎండకి పగుళ్లు.

ప్రశ్న: ఇవన్నీ చేస్తే నాకు కూలి ఖర్చు పెరుగుతోంది, క్లయింట్లు పైసా ఎక్కువివ్వరు. “ఎకో ఫ్రెండ్లీ ల్యాండ్‌స్కేపింగ్” అని బోర్డు పెట్టి రేటు పెంచొచ్చా?
(విశాఖపట్నం)

జవాబు: బోర్డు పెట్టుకోండి, దాన్ని చూసి రేటు ఇచ్చేవాళ్లు తక్కువ. పైగా బోర్డు పెట్టాక మీ కుర్రాడు ఒకడు ఆకు తగలబెడుతూ ఫోటోలో దొరికితే కాలనీ వాట్సాప్ గ్రూపులన్నిటికీ అది చేరిపోతుంది.

డబ్బు వచ్చే దారి కొటేషన్‌లో ఉంది. ఇప్పుడు మీరందరూ “నెలవారీ నిర్వహణ ఇంత” అని ఒక్క ముక్కలో ఇచ్చేస్తారు, చెత్త రవాణా, ఎరువు, కొత్త మొక్కలు అన్నీ అందులో కలిసిపోయి ఉంటాయి. విడగొట్టండి. చెత్త బయటికి పంపితే ఇంత, లోపలే ఎరువు చేస్తే ఇంత, ఎరువు బయట కొంటే ఇంత అని మూడు వరసలు రాసి వాళ్లనే ఎంచుకోమనండి. అంకెలు కనబడ్డాక చాలా కమిటీలు లోపలే చేయమంటాయి, ఎందుకంటే వాళ్లకూ మున్సిపాలిటీ నుంచి ఒత్తిడి ఉంది. కూలి పెరిగిందన్నారు, తిరగేసే పనికి ఒక మనిషికి వారానికి ఒక పూట వేసుకోండి, దాన్ని ట్రాక్టరు ట్రిప్పుతో పోల్చండి. మొదటి మూడు నెలలు నష్టంగానే కనబడుతుంది, ఎరువు ఇంకా చేతికి రాదు కాబట్టి. అందుకే ఏడాది కాంట్రాక్టు ఉన్న చోటే మొదలుపెట్టండి, నెల నోటీసుతో తీసేసే చోట కుప్ప పెడితే పండిన ఎరువు మీ తర్వాత వచ్చినవాడికి దక్కుతుంది.

కాంట్రాక్టు కాగితంలో రెండు మాటలు తప్పకుండా రాయించుకోండి. కుప్పకు జాగా, నీటి కుళాయి కమిటీ ఇవ్వాలి. తయారైన ఎరువు ఆ ఆవరణకు వాడగా మిగిలితే ఎవరిది అన్నది. ఈ రెండోది మొదట ఎవరూ పట్టించుకోరు, ఎరువు నల్లగా, పొడిగా తయారయ్యాక విల్లాల వాళ్లందరూ కుండీలు పట్టుకుని వస్తారు.